పారిజాతం కాడలు ఎవరివి

ఏటా వానలు తగ్గేవేళకు మా ఇంటర్ పిల్లలకు నేనిచ్చే పని ఒకటే. పారిజాతాన్నీ ఆకాశమల్లెనూ పక్కపక్కన పెట్టి పోల్చండి అంటాను. ఏ కుటుంబం, పుట్టిల్లు ఎక్కడ, ఇవాళ దాని క్షేమం ఎట్లా ఉంది, ఇవీ గడులు. రెండూ రాత్రి పూసి తెల్లారేసరికి నేల మీద ఉంటాయి, రెండూ తెల్లనివే, రెండింటికీ వాసన ఉంది. అందుకే కళ్లతో చూడనివాళ్లు తప్పకుండా తికమక పడతారు. చెట్టు దగ్గరికి వెళ్లి చూసి రండర్రా అని నేను మొత్తుకుంటాను, వాళ్లేమో ఫోన్ తెరుస్తారు. కన్నపిల్లలు కాకపోతేనేం, వాళ్లను తిట్టే హక్కు నాకుంది, తిడతాను.

క్షేమం అనే గడిలో మాత్రం అందరూ సరిగ్గానే రాస్తారు. రెండింటికీ ముప్పు లేదు. పోయినేడు ఒకడు "ఫికర్ నై" అని రాసి కింద గీత కూడా గీశాడు. మార్కు వేశాను, వేయక చస్తానా. ముప్పులో ఉన్న మొక్కల వరసలో ఈ రెండూ లేవు మరి. కాని ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. పత్తర్‌గట్టి వెనక మా గల్లీలో ఒకే ఒక్క పారిజాతం ఉండేది. దాన్ని నరికి ఇప్పటికి చాలా ఏళ్లు. దేశంలో ఎక్కడెక్కడో గుట్టల మీద పారిజాతాలు లక్షణంగా ఉన్నాయని తెలిస్తే మా అమ్మకు ఏం ఒరిగింది? ఒకసారి ఆ పట్టిక దిద్దుతూ ఆమెకు చదివి వినిపించాను. "ఫికర్ లేదని ఎవలు చెప్పిండ్రే? గాళ్లు మన గల్లీకి వచ్చి చూసిండ్రా?" అని గయ్యిమంది. నేను కాగితం తిప్పేశాను.

పాఠం చెప్పేటప్పుడు నేను చుట్టరికంతో మొదలుపెడతాను, పిల్లలకు అదైతే వినబుద్ధవుతుంది. ఆకాశమల్లెకు పేరులో మల్లె ఉంది గాని మల్లెకు అది ఏమీ కాదు. దానిది బిగ్నోనియేసి కుటుంబం. ఇళ్ల గేట్ల పక్కన పసుపుపచ్చ గంటల్లాంటి పూలు పూసే టెకోమా దాని బంధువు. తన ప్రజాతిలో అదొక్కటే జాతి, అక్కా లేదు, చెల్లె లేదు. పుట్టిల్లు బర్మా, ఆ చుట్టుపక్కల అడవులు. మన దగ్గర రోడ్ల పక్కన నాటితే నిటారుగా ఆకాశంలోకి పోతుంది గాని కాయ కాయడం చాలా అరుదు. వేళ్ల నుంచి పిలకలు వేసుకుని కాలక్షేపం చేస్తుంది. పారిజాతం పేరులో మల్లె ఊసే లేదు, అదేమో ఓలియేసి, అచ్చంగా మల్లె ఇంటి పిల్ల. దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక పండితులు ఒకప్పుడు టేకు ఉండే కుటుంబంలో కూడా పెట్టారు. పొట్టి చెట్టు, నాలుగు పలకల కొమ్మ, గరుకు కాగితం లాంటి ఆకు. రాతిగుట్టల వాలు మీద, నీళ్లు నిలవని చోట పుట్టిన మొక్క, వేళ్ల దగ్గర తడి నిలిస్తే ఓర్చుకోదు. ఈ చివరి సంగతి మా అమ్మకు వేళకు చెప్పి ఉంటే బాగుండేది.

ఇక పువ్వు. ఆకాశమల్లె కాడ పొడుగ్గా వేలెడు ఉంటుంది, అదీ తెలుపే. చిన్నప్పుడు మేం దారం లేకుండా ఆ కాడలతోనే జడ అల్లేవాళ్లం. పారిజాతం కాడ పొట్టిది, నారింజ రంగు. పిల్లలు ఈ తేడాను ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటారు. నా చిన్నతనమంతా ఆ నారింజ కాడ చుట్టూ తిరిగింది.

మా బాపు గల్లీ చివర గుళ్లో పూజారి. మేం కిరాయికి ఉన్న ఇంటికీ పక్కింటికీ మధ్య రాతిగోడ. గోడవతల ఒక ముస్లిం కుటుంబం. ఆ ఇంటావిడను నేను అమ్మ తోబుట్టువును పిలిచినట్టు ఖాలా అనేదాన్ని. మా అమ్మ ఆమెను ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అని పిలిచేది, ఆమె మా అమ్మను అక్కా అని పిలిచేది. అంటే ఇద్దరూ ఎదుటి మనిషే పెద్దదని ఒప్పేసుకున్నారన్నమాట. గౌరవం కోసమో, తమ వయసు తగ్గించుకోవడానికో, నాకు ఇప్పటికీ అనుమానమే.

చెట్టు ఖాలా వాకిట్లో ఉండేది, కొమ్మలు సగం మా వైపు వాలేవి. నేల రాలిన పువ్వు దేవుడికి పనికిరాదు, పారిజాతానికి మాత్రం ఆ పట్టింపు లేదు, రాలినవే పెట్టాలి, కోయకూడదు. అందుకని సాయంత్రం కాగానే అమ్మ ఉతికిన పాత పంచె ఒకటి మా వైపు పరిచేది. అవతల ఖాలా తన వాకిలి కడిగి తన దుప్పటి పరిచేది. తెల్లవారుజామున గోడకు అటొకరు ఇటొకరు ఏరుకునేవాళ్లు. ఖాలా తన వైపు పూలన్నీ ఒక రేకు పళ్లెంలో పోసి గోడ మీదుగా అందించేది. మా అమ్మకు మస్తు మడి. ఆ పళ్లెం అందుకుని అందులో నాలుగు నీళ్ల చుక్కలు చల్లేది, అంతటితో మడి తీరిపోయేది. బాపు చూసీ చూడనట్టు ఉండేవాడు.

మరునాడు, దేవుడి మీంచి తీసిన పూలలో కాడలు ఖాలావి. అది ఎట్లా మొదలైందో అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. పూజ అయిన పూలు ఎవరూ తొక్కని చోట వేయాలని అమ్మ తంటాలు పడుతుంటే ఖాలా గోడ మీదుగా అడిగిందట.

"అక్కా, ఆ డండియాఁ నాకిస్తరా? ఎండబెట్టి ఉడకేస్తె కేసరీ రంగొస్తది. దుపట్టాకు ఏసుకుంట."

"దేవుని మీద పెట్టినవి ఆపా. కాళ్ల కింద పడొద్దు."

"నమాజ్‌కు నెత్తి మీద కప్పుకునే దుపట్టా అక్కా. కాళ్ల కిందికి కైసా ఆతా?"

మా అమ్మ నోరు మూయించినవాళ్లు ఈ లోకంలో బహు తక్కువ. ఆమె తేరుకుని, చెట్టు నీదే, పూలు నీ వాకిట్లోనే పడతాయి, నీ కాడలు నువ్వే తెంపుకోరాదా అని అడిగింది. "నక్కో అక్కా. పహలే ఉప్పర్‌వాలే కా. మీరు పెట్టినంకనే నాకు" అని ఖాలా తేల్చి చెప్పింది. అప్పటి నుంచి అదే పద్ధతి. రోజూ అమ్మ అరుగు మీద కూర్చుని గోటితో కాడలు గిల్లి గిన్నెలో వేసేది. రేకులు తులసి మొదట్లోకి, కాడలు గోడవతలికి. ఆ రంగు గట్టిది కాదు, నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది. మళ్లీ పూల కాలం రావాలి, మళ్లీ కాడలు కూడాలి. ఖాలా దుపట్టా వెలిసిపోతుంటే మా అమ్మకు ఆత్రం పుట్టేది. "ఏందే ఈ యేడు ఇంక మొగ్గేస్తలేదు" అని చెట్టును తిట్టేది.

తర్వాత ఖాలా ఇల్లు అన్నదమ్ముల మధ్య పంచాయితీలో పడి అమ్ముడుపోయింది. అక్కడ బట్టల గోదాము లేచింది, చెట్టు పోయింది. మా ఇంటాయన కూడా మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. ఈలోగా బాపు పోయాడు. నేనూ అమ్మా బహదూర్‌పురాలో మూడో అంతస్తు ఫ్లాటుకు చేరాం. ఖాలా కొడుకు ఎక్కడికి తీసుకుపోయాడో సరిగా కనుక్కోలేదు. ఇద్దరి చేతిలోనూ అప్పట్లో ఫోన్ లేదు, పిల్లల నంబర్లేమో మారిపోయాయి. ఒకసారి పాత గల్లీకి పోయి గాజుల దుకాణంలో అడిగాను. "వాళ్లు పోయి మస్తు దినాలాయె మేడమ్, ఎటు పోయిండ్రో ఎర్కలేదు" అన్నారు. ఆ మాట అమ్మకు చెప్పగానే లేచి వంటింట్లోకి పోయింది.

అమ్మ కోసం నర్సరీ నుంచి పారిజాతం మొక్క తెచ్చి బాల్కనీలో తొట్టిలో పెట్టాను. ఏడాది తిరిగేసరికి పూసింది కూడా. అమ్మ పూలు దేవుడికి పెట్టింది, మరునాడు అలవాటు ప్రకారం కాడలు గిల్లింది. గిల్లి పళ్లెంలో పెట్టుకుని కూర్చుంది. పొద్దెక్కింది, గాలి వీచింది, కాడలు ఒక్కొక్కటే ఎగిరి పక్కవాళ్ల ఏసీ మీద పడ్డాయి. ఆమె చూస్తూ కూర్చుంది తప్ప చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఆ మొక్కా దక్కలేదు. పూజలో దేవుడి మీద పోసిన నీళ్లు ఎవరూ తొక్కకూడదు, చెట్టు మొదట్లో పోయాలి. మా పాత ఇంట్లో తులసి ఉంది, గన్నేరు ఉంది, పెరటి మట్టి ఉంది. ఫ్లాటులో ఉన్నదల్లా ఈ ఒక్క తొట్టి. దాంతో అభిషేకం నీళ్లు, దీపం గిన్నె కడిగిన నీళ్లు, సంధ్యవేళ నీళ్లు, అన్నీ పారిజాతం నెత్తినే పడ్డాయి. పైగా ఏకాదశి నాడు పాలు, పెరుగు, తేనె. గుట్టల మీద బతకాల్సిన మొక్క, ఎంతని ఓర్చుకుంటుంది? నేను చూసేసరికి వేళ్లు మురిగి వాసన వస్తున్నాయి. "దేవుని నీళ్లు పోస్తె చెట్టు సస్తదా? చదువుకున్నోళ్లు ఏమన్న చెప్తరు" అని అమ్మ నన్నే ఎదురు తిట్టింది. ఇంకో మొక్క తెస్తానంటే వద్దే వద్దంది.

జూపార్క్ వైపు రోడ్డు మీద ఆకాశమల్లెలు ఉన్నాయి. చలికాలం మొదట్లో పొద్దున్నే నడవడానికి పోతే ఫుట్‌పాత్ అంతా తెల్లగా ఉంటుంది. అమ్మ అక్కడ ఆగేది. మోకాళ్లు నొప్పి అని ఆగినట్టు నటించేది గాని చూపు పూల మీదే. ఒకరోజు నేను ఊరుకోలేక అన్నాను. "అమ్మా, ఇదీ తనంతట తనే రాలుతది గదా. పారిజాతానికి లేని తప్పు దీనికెందుకు? పెట్టరాదూ దేవునికి?"

అమ్మ వంగి ఒక పువ్వు తీసింది. కాడను రెండు వేళ్ల మధ్య నలిపింది. తెల్లటి తడి తప్ప ఏమీ అంటలేదు.

"గిది తెంపి ఎవలకియ్యాలె?" అంది.

నేను వృక్షశాస్త్రం చెప్పి బతుకుతున్నదాన్ని. ఇన్నాళ్లూ అమ్మకు పారిజాతం పువ్వు కావాలనుకున్నాను. ఆమెకు కావలసింది గోడవతలి మనిషి. ఎవరి ముందూ నోరు తెరిచి "ఆపాను చూడాలె" అనలేక, పూల మీద పెట్టి చెబుతూ వచ్చింది. నాకు రోడ్డు మీదనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నుంచి నాకూ ఖాలా మీద బెంగ పట్టుకుంది.

ఈ ఏడు కూడా పిల్లలకు అదే పని ఇచ్చాను. వాళ్లు నిజంగా చూసి వచ్చారో లేదో ఒక్కొక్కరినీ లేపి అడుగుతున్నాను. చాంద్రాయణగుట్ట అవతల నుంచి వచ్చే ఒక పిల్ల లేచి, పారిజాతం మా గల్లీలో ఒక ఇంట్లో ఉంది మేడమ్ అంది. మరి పువ్వు ఏది, కోసి చూశావా అన్నాను.

"ఆ ఇంటి ముసలి దాదీ ముట్టనియ్యది మేడమ్. కింద పడ్డవన్నీ ఏరి పళ్లెంల పెడ్తది. ఒక్క పువ్వు తీస్కొని కాడ తెంపబోయిన, చెయ్యి మీద కొట్టింది. ‘అభీ పూజా నై హుయీ’ అన్నది, ఇంక పూజ కాలేదంట."

క్లాసంతా గొల్లుమంది. "వాళ్లు ముస్లింలు మేడమ్. పూజ ఏంది?" అని ఆ పిల్ల కూడా నవ్వింది.

ఆదివారం ఆ ఇల్లు చూపిస్తావా అని నేను ఆ పిల్లను అడిగాను. పిల్లలు నవ్వడం ఆపి నా మొహం చూస్తున్నారు. మిగతా పాఠం ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

సాయంత్రం అమ్మకు చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను, కస్సుమంది.

"పాణంతోటి ఉన్నదా? ఉండి ఇన్నేండ్లు ఒక్క మాట పంపలేదా?"

"నువ్వు పంపినవా?"

"నాకు ఎర్కనా ఆమె యాడుందో?"

"ఆమెకు ఎర్కనా నువ్వు యాడున్నవో?"

నాతో మాట్లాడడం మానేసింది. పోనని మొండికేస్తుందేమో, నేను ఒక్కదాన్నే పోయి చూసి రావాలేమో అని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. ఆదివారం లేచి చూస్తే తలస్నానం చేసి, మడిచీర కట్టుకుని, చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. "పొద్దు పోతుంది, లే. పూలు వాడిపోతయి" అంది.

ఆటో కట్టించుకుని పోయాం. నా విద్యార్థిని గల్లీ మొదట్లో నిలబడి ఇల్లు చూపించి వెళ్లిపోయింది. ఆకుపచ్చ రేకు గేటు, చిన్న వాకిలి, మూలన పారిజాతం. మా పాత చెట్టంత లేదు గాని నాలుగు పలకల కొమ్మ, గరుకు ఆకు, అదే. కింద పీట మీద ఖాలా కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. పక్కన నీళ్ల పళ్లెంలో పూలు కాడలతో సహా తేలుతున్నాయి.

అమ్మ గేటు పట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టింది. "ఏంది ఆపా! చెట్టునైతె ఎంబడి తెచ్చుకున్నవ్, నన్ను ఇడిసిపెడ్తివి."

ఖాలా తల ఎత్తింది. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. "మై కాఁ ఛోడీ అక్కా? నేనెక్కడ ఇడిసిన? కొమ్మ ఇరుసుకొని తెచ్చుకున్న. నిన్ను ఇరుసుకొని తేనీకి రాకపాయె" అంది. అంటూనే ఏడ్చింది. అమ్మ పోయి పీట పక్కన నేల మీదనే కూలబడింది. మడిచీర మట్టి కావడం ఆమె చూసుకోలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, నీ పళ్లేమైనయ్ అంటే నీ పళ్లేమైనయ్ అని చాలాసేపు దెప్పుకున్నారు.

ఆ తర్వాత అమ్మ ఖాలా నెత్తి మీది దుపట్టా కొసను పట్టుకుని చూసింది. తెల్లగా ఉంది.

"గిదేంది? రంగెయ్యలె?"

"ఎట్లేస్త అక్కా? పూజ కాలె గదా."

"గప్పటి సంది?"

"హౌ."

చెట్టు ఏటా పూసింది. ఆమె ఏటా పూలు ఏరి పళ్లెంలో పెట్టింది, సాయంత్రానికి వాడితే చెట్టు మొదట్లోనే పోసింది. కోడలు నవ్వింది, మనవలు నవ్వారు, గల్లీ నవ్వింది. కాడ మాత్రం తెంపలేదు. అమ్మ అంతా విని తిట్టడం మొదలుపెట్టింది. "పిచ్చిదానివా ఏంది నువ్వు? చెట్టు నీది, పూలు నీవి. తెంపుకుంటే మా దేవుడు నీ మీద కేసు పెడ్తడా?"

తిట్టడం అయ్యాక లేచి కాళ్లు కడుక్కుంది. ఆ ఇంట్లో మా దేవుడు లేడు. అమ్మ వాకిట్లో తూర్పు వైపు తిరిగింది. ఎదురింటి నీళ్ల ట్యాంకు పక్కన సూర్యుడు అప్పటికే పైకి వచ్చి ఉన్నాడు. దోసిట్లో పారిజాతాలు పట్టుకుని పెదవులు కదిపింది, వాటిని శుభ్రమైన పళ్లెంలోకి వదిలి దండం పెట్టుకుంది. ఖాలా పీట మీద కదలకుండా, దుపట్టా సర్దుకుని కూర్చుంది. ఇంట్లోంచి కోడలు వచ్చి గడప దగ్గర నిలబడింది, ఈసారి నవ్వలేదు.

"అయిపోయిందా అక్కా?"

"అయింది. ఇంక నీవి."

ఖాలా వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి, కాడ గిల్లడానికి రావడం లేదు. అమ్మే గిల్లింది. అన్నీ గిల్లినా గుప్పెడు కాలేదు.

"ఇత్తే సే క్యా హోతా. దుపట్టా కొసకు గూడ సాలదు" అంది ఖాలా.

అమ్మ చెట్టు వైపు చూసింది. రేపు విచ్చుకునే మొగ్గలు కొమ్మల చివర గుత్తులుగా ఉన్నాయి, వాటి వెనక ఇంకా చిన్నవి ఉన్నాయి. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"నేను ఈడ్నే ఉంట. నువ్వు పో."

నేను తెల్లబోయాను. ఈమె పుట్టి బుద్ధెరిగి మా చుట్టాల ఇళ్లలో కూడా ఒక రాత్రి పడుకున్న మనిషి కాదు. "అమ్మా, మందులు, మడి, తిండి..."

"దుకాణంల అటుకులు, అరటిపండ్లు తెచ్చిచ్చి పో. పాల పొట్లం ఒకటి. మందులు రేపు తెస్తువులే."

"ఎన్ని రోజులు?"

"పూలున్నన్ని రోజులు."

తెచ్చిచ్చాను. నేను గేటు దాటేసరికి ఇద్దరూ సాయంత్రం చెట్టు కింద ఏ గుడ్డ పరవాలా అని వాదించుకుంటున్నారు, నన్ను సాగనంపాలని ఒకరికీ తోచలేదు. ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. ఒక్కదాన్నే అన్నం తిన్నాను. ఎవరూ నన్ను ఏమీ అనని ఆ ఇంట్లో నాకు ఏం చేయాలో పాలుపోలేదు. అమ్మ ఇన్నేళ్లు ఈ ఫ్లాటులో ఎట్లా ఉందో అప్పుడు కొంచెం తెలిసింది.

పొద్దున్నే ఆమె గొంతు వినాలనిపించి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. అవతల నుంచి ఖాలా నవ్వు వినబడుతోంది.

"ఇప్పుడు గాదే, పూలు రాల్తున్నయి" అని పెట్టేసింది.